తుఫాను ఎవరి కర్మ?

ఉపాసకులారా! 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తెనాలి, రేపల్లె పొలాల్లో కోతకొచ్చిన వరి నీళ్లపాలైంది. "మన ఖర్మ ఇంతే" అన్నారు కొందరు.

బుద్ధుడు అలా చెప్పలేదు. కారణం లేకుండా ఏదీ పుట్టదన్నాడు. అదే ప్రతీత్య సముత్పాదం.

తుఫాన్లు పూర్వమూ ఉన్నాయి. 1977 దివిసీమ ఉప్పెన మన పెద్దలు చూసిందే. కానీ బొగ్గు, పెట్రోలు పొగతో భూమి, సముద్రం వేడెక్కుతున్నాయి. వేడి నీళ్ల మీద తుఫానుకు బలం పెరుగుతుంది. ఈ వేడి మనిషి చేసిందేనని ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం 2021లో తేల్చి చెప్పింది.

ఎక్కువ కాల్చింది ఉన్నవాడు. మునిగింది కూలివాడి గుడిసె. నెపం పూర్వజన్మ మీదికి నెడితే, కాల్చినవాడు తప్పించుకుంటాడు.

మనిషి చేసింది మనిషే సరిదిద్దాలి. ఉప్పెన జోరు తగ్గించే మడచెట్టును కొట్టకండి, కొట్టనివ్వకండి. నష్టపరిహారం కౌలుదారుకీ, కూలికీ అందాలని సంఘంగా అడగండి. అదీ కర్మ అంటే!

జై భీమ్! నమో బుద్ధాయ!