ఏం కాదులే

పడవ ఎక్కేముందు మనలో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఏం కాదులే." చేవెళ్ల వైపైతే "ఏం గాదు సార్, ఎక్కుండ్రి" అంటారు. ఈ మాట అబద్ధమైతే గొడవే లేదు. దాదాపు ప్రతిసారీ నిజమే అవుతుంది. పడవ వెళ్తుంది, తిరిగొస్తుంది, సాయంత్రానికి ఫోటోలు వాట్సాప్ గ్రూపులో ఉంటాయి. మరి దాదాపు ప్రతిసారీ నిజమయ్యే మాట అనడం తప్పెలా అవుతుంది? ఏమీ జరగని రోజున కూడా ఏదో తప్పు జరిగిందని అనొచ్చా?

ఈ ప్రశ్నకి మొయినాబాద్ మంచి చోటు. ఆ మండలానికి ఒక పక్క ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట. ఇంకో పక్క హిమాయత్ సాగర్. 1908లో మూసీ నగరాన్ని ముంచేశాక, మళ్లీ అలా జరక్కూడదని కట్టించిన జలాశయాలివి. మొదటిది 1920లో పూర్తయింది, రెండోది 1927లో. అంటే ఈ నీళ్లు అక్కడ నిలవడానికి మొదటి కారణం భయం. తర్వాత అవి నగరానికి తాగునీళ్లయ్యాయి. మా తరం వచ్చేసరికి "లేక్ వ్యూ" అయ్యాయి. శని, ఆదివారాల్లో మర్రిచెట్ల నీడన చేవెళ్ల రోడ్డు పట్టుకుని వెళ్తే ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు. కొన్నిచోట్ల తవ్వించిన చిన్న చెరువు, అందులో రెండో మూడో పెడల్ బోట్లు. మా ఆఫీసు టీమ్ వెళ్లిన ఒకచోట లైఫ్ జాకెట్లు గోడకు వేలాడుతున్నాయి. ఎండకి రంగు వెలిసిపోయాయి, సగం వాటికి బకిల్స్ లేవు. బోట్ల దగ్గరున్న కుర్రాణ్ని అడిగితే "నడుము లోతే సార్" అన్నాడు. అయ్యుండొచ్చు. కానీ అతను ఎప్పుడూ కొలిచి చూడలేదట. అతనికి ఎవరో చెప్పారు, అతను మాకు చెప్పాడు. అందరం నమ్మేశాం కాబట్టి అది నిజమైపోయింది.

ఇలాంటి నమ్మకం గురించే 1877లో ఇంగ్లండ్‌లో డబ్ల్యూ.కె. క్లిఫర్డ్ అనే గణితవేత్త ఒక వ్యాసం రాశాడు. నమ్మకానికీ నీతికీ ఉన్న సంబంధం మీద ఇప్పటికీ ఫిలాసఫీ క్లాసుల్లో చదివిస్తారు. అందులో ఒక ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతది, చాలాసార్లు మరమ్మతులకొచ్చింది. యజమానికి లోపల అనుమానమే. కానీ ఇన్ని ప్రయాణాలు క్షేమంగా చేసింది కదా, ఇదీ చేస్తుందిలే అని తనకు తాను నచ్చజెప్పుకుంటాడు. నిండు మనసుతో ఓడని పంపిస్తాడు. అది నడిసముద్రంలో మునిగిపోతుంది. అతను బీమా డబ్బు తీసుకుంటాడు.

అతను దోషి అని ఎవరైనా ఒప్పుకుంటారు. క్లిఫర్డ్ అక్కడ ఆగలేదు. ఆ ఓడ మునగలేదనుకోండి, క్షేమంగా వెళ్లి వచ్చిందనుకోండి, అప్పుడూ అతని తప్పు ఇసుమంతైనా తగ్గదన్నాడు. ఎందుకంటే తప్పు మునగడంలో లేదు. పరీక్షించి సంపాదించాల్సిన నమ్మకాన్ని, అనుమానాన్ని నొక్కేసి సంపాదించడంలో ఉంది. అతని నమ్మకం నిజాయితీ గలదే కావచ్చు. కానీ దాన్ని నమ్మే హక్కు అతనికి లేదు.

దీన్ని మన నదుల మీదకి తెచ్చి చూద్దాం. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన రాయల్ వశిష్ట అనే టూరిస్టు బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయింది. అప్పటికి నది వరద మీద ఉంది. బోటులో ఉన్న 77 మందిలో 26 మంది బతికారు. హైదరాబాద్ నుంచీ వరంగల్ నుంచీ సరదాగా వెళ్లినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. బోటుని నడిపిన సరంగులూ ఆ నీళ్లలోనే పోయారు. క్లిఫర్డ్ కథకీ మన కథకీ తేడా ఇక్కడుంది. అతని యజమాని ఒడ్డున ఉన్నాడు. మన సరంగు పడవలో ఉన్నాడు. "ఏం కాదులే" అన్నవాడు ఆ మాట మీద తన ప్రాణాన్నే పెట్టాడు. ఇంతకంటే చిత్తశుద్ధి ఏం కావాలి? అయినా అది సరిపోలేదు. సుడిగుండానికి చిత్తశుద్ధితో పనిలేదు.

ఇక్కడొక చిక్కుంది. అంతకు ముందు వారాల్లో, నెలల్లో, అదే దారిలో పడవెక్కి క్షేమంగా తిరిగొచ్చినవాళ్లు వేలమంది ఉండుంటారు. వాళ్లని ఎక్కించుకున్నవాళ్లని మనమెవరం నిందించం. నిందించాలని కూడా తోచదు. అమెరికన్ తత్వవేత్త థామస్ నేగెల్ దీన్ని నైతిక అదృష్టం అన్నాడు. ఒకే పని ఇద్దరు చేస్తారు. ఒకడి విషయంలో గాలి మళ్లుతుంది, ఇంకొకడి విషయంలో మళ్లదు. మొదటివాడు హంతకుడు, రెండోవాడు మంచి సరంగు. మనం మనుషుల్ని వాళ్లు చేసినదానికి కాక, వాళ్లకి జరిగినదానికి తూకం వేస్తున్నాం. నాకైతే క్లిఫర్డ్ మాటే సరైనదనిపిస్తుంది. కానీ అది ఒప్పుకుంటే ఇంకోటి కూడా ఒప్పుకోవాలి: ప్రమాదం జరిగాక మనకొచ్చే కోపం ఆలస్యమైన కోపం. అది అంతకు ముందు ఆదివారమే రావాల్సింది, అందరం నవ్వుతూ ఒడ్డుకి దిగినప్పుడు.

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది. పెద్దవాళ్లం, మా ప్రాణం మా ఇష్టం, రిస్కు తెలిసే ఎక్కాం, మధ్యలో నీతులెందుకు అని. కొండలెక్కేవాడి విషయంలో, ఒంటరిగా ఈత కొట్టేవాడి విషయంలో ఈ వాదనని కొంతవరకు నేనూ ఒప్పుకుంటాను. పడవ విషయంలో ఒప్పుకోలేను. దానికి కారణం ఫిజిక్స్.

పడవ ఒరిగినప్పుడు నీరు దాన్ని తిరిగి నిలబెడుతుంది. కానీ బరువంతా కింద ఉంటేనే ఆ పని సాఫీగా సాగుతుంది. జనం పై డెక్కు మీదకి వెళ్లేకొద్దీ గరిమనాభి పైకి జరుగుతుంది, నిలబెట్టే బలం తగ్గుతుంది. మొసలి కనిపించిందనో, సెల్ఫీకి వెలుతురు బాగుందనో అందరూ ఒకే పక్కకి వస్తే పడవ అటు ఒరుగుతుంది. ఒరిగాక నిలబడ్డవాళ్లు కూడా జారి అటే పడతారు. లోపలికి నీళ్లు చేరాయంటే ఆ నీళ్లూ ఒరిగిన వైపుకే పరుగెడతాయి. ఇదంతా జరగడానికి నిమిషాలు పట్టదు. అంటే పడవలో "నా రిస్కు" అనేది ఉండదు. నేను లేచి నిలబడితే నా పక్కన కూర్చున్న ముసలావిడ రిస్కు పెరుగుతుంది. ఆవిడ్ని నేను అడగలేదు. తేలడమనేది పడవలో అందరిదీ కలిపి ఒకటే ఖాతా, అందులోంచి ఎవరు తీసినా అందరికీ తగ్గుతుంది.

పైగా ఒప్పుకోలు ఇవ్వలేనివాళ్లు ఉంటారు. 2024 జనవరి 18న వడోదరలో హర్ణి చెరువులో పిక్నిక్‌కి వచ్చిన బడిపిల్లల పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అది నది కాదు, వరద కాదు, ఊరి మధ్య చెరువు. ఏ పిల్ల ఏ రిస్కుకి సంతకం పెట్టింది? రక్షించడానికి దూకేవాళ్లున్నారు. కచ్చులూరులో ఆ 26 మంది బతకడానికి పెద్ద కారణం, తమ నాటు పడవలేసుకుని వరదలోకి వెళ్లిన తూటుగుంట గ్రామస్థులు. మన సరదాలో వాళ్లకి భాగం లేదు, రిస్కులో మాత్రం భాగం ఉంది.

సరే, తప్పు ఉందనుకుందాం. మరి రుజువు చేయాల్సింది ఎవరు? "ఇది ప్రమాదం" అని ప్రయాణికుడు నిరూపించాలా, "ఇది క్షేమం" అని నడిపేవాడు నిరూపించాలా? విచిత్రమేంటంటే ఈ ప్రశ్న మీద మన దేశంలో అత్యున్నత న్యాయస్థానం లోతుగా ఆలోచించింది ఈ రెండు జలాశయాల వల్లే. 1996లో వచ్చిన 111 జీవో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమల్నీ పెద్ద కట్టడాల్నీ ఆపింది. మొయినాబాద్, చేవెళ్ల మండలాల ఊళ్లు అందులో ఉన్నాయి. ఆ పరిధిలో, శంషాబాద్ మండలంలో ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెట్టబోయిన కంపెనీ కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. 1999 తీర్పులో కోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరంగా చర్చించింది. ఉన్న స్థితిని మార్చబోయేవాడే హాని లేదని నిరూపించాలి, హాని ఉందని నిరూపించే భారం తాగేవాడి మీద వేయకూడదు, దాని సారం అది. చివరికి ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు నిలవలేదు.

2022లో ప్రభుత్వం ఆ ఆంక్షల్ని ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చింది, దానిమీద వాదాలు వేరే. నాకు కావాల్సింది ఆ సూత్రం. తాగునీటికి పనికొచ్చిన సూత్రం పడవకెందుకు పనికిరాదు? "ఏం కాదులే" అన్నప్పుడు మనం చేసేది రుజువు భారాన్ని తిప్పేయడం. అవుతుందని నువ్వు నిరూపించు, లేకపోతే ఎక్కు అంటున్నాం. అడిగినవాడు పిరికివాడవుతాడు, అడగనివాడు ధీరుడవుతాడు. జాకెట్ వేసుకున్నవాణ్ణి చూసి నవ్వడం కూడా ఈ లెక్కలోదే.

దీనికి మనస్సాక్షిని నమ్ముకుంటే చాలదని నా అభిప్రాయం. పడవ దగ్గరున్న కుర్రాణ్ని మళ్లీ ఆలోచించండి. రోజుకూలీ మీద ఉన్నాడు. ఎదురుగా కార్లలో వచ్చిన ఇరవైమంది. "ఇంకో ఇద్దరే కదా, ఎక్కించు తమ్మీ" అంటున్నారు. వెనక ఓనర్. అతని మనస్సాక్షి ఎంత గట్టిదైనా "ఎక్కించను" అనే స్తోమత అతనికి లేదు. నీతి గురించి రాసేవాళ్లం ఈ స్తోమత సంగతి తరచు మర్చిపోతాం. సాఫ్ట్‌వేర్‌లో ఇది మాకు రోజూ అనుభవమే. శుక్రవారం సాయంత్రం రిలీజ్ వద్దని జూనియర్ ఇంజనీర్ చెప్పలేడు. టెస్టులు ఫెయిలైతే బిల్డ్ ముందుకెళ్లని వ్యవస్థ ఉంటే, అతను చెప్పక్కర్లేదు, అదే చెప్తుంది. ధైర్యం లేనివాడికి కూడా "కాదు" అనే వీలివ్వడమే నియమం చేసే అసలు మేలు.

శామ్యూల్ ప్లిమ్‌సోల్ అనే బ్రిటిష్ ఎంపీ చేసింది ఇదే. మితిమీరిన సరుకుతో ఓడల్ని పంపి నావికుల్ని చంపుకుంటున్నారని ఏళ్ల తరబడి పోరాడాడు. 1876 చట్టంతో ఓడ పక్కన ఒక గీత తప్పనిసరైంది. ఆ గీత నీళ్లలో మునిగితే బరువెక్కువైనట్టు. అందులో నాకు నచ్చేది, ఆ గీత ఒడ్డున నిలబడ్డ ఎవరికైనా కనిపిస్తుంది. ఓనర్ మాట, సరంగు అనుభవం, దేవుడి దయ, ఏవీ నమ్మక్కర్లేదు. చూస్తే చాలు. మనకీ చట్టాలున్నాయి. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్గత జలరవాణా నౌకల చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్, సర్వే, సిబ్బంది అర్హతలు అన్నీ అందులో ఉన్నాయి. కానీ 2023 మేలో కేరళలోని తానూరులో 22 మందితో మునిగింది టూరిస్టు బోటుగా మార్చిన చేపల పడవ. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో 20 మందికి పైగా ప్రాణాలు తీసింది అనుమతి లేని ప్రైవేటు బోటు. చట్టం ఫైల్లో ఉంది. ఒడ్డున నిలబడ్డవాడి కంటికి కనపడే గీతగా ఇంకా మారలేదు.

ఇంత జాగ్రత్తపడితే సరదా ఏం మిగులుతుందని అడగొచ్చు. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు నేర్చుకునే పిల్లల్ని చూస్తే ఆ అనుమానం పోతుంది. సెయిలింగ్‌లో మొదట్లోనే నేర్పే పాఠాల్లో ఒకటి, పడవని కావాలని తిరగబెట్టి మళ్లీ నిలబెట్టడం. జాకెట్ లేకుండా నీళ్లలోకి వదలరు. గాలి ఎటుందో చూడకుండా బయల్దేరరు. అయినా వాళ్ల మొహాల్లో ఉన్న ఆనందం పెడల్ బోటులో ఫోన్ పట్టుకున్న మా మొహాల్లో నేను చూడలేదు. ఏమవుతుందో తెలిసినవాళ్లకి "ఏం కాదులే" అనాల్సిన అవసరం రాదు.

మనం చేయగలిగింది చిన్నది. ఎక్కేముందు ఎంతమంది ఎక్కొచ్చని అడగడం. జాకెట్ బకిల్ వేసి లాగి చూడటం. ఇవి అడిగితే మనతో వచ్చినవాళ్లు కాసేపు ఎగతాళి చేస్తారు, అంతే. రిసార్టుల గురించి మనం రాసే రివ్యూల్లో సూర్యాస్తమయానికి స్టార్లిస్తాం, చేపల వేపుడికిస్తాం. "గాలి ఎక్కువగా ఉందని బోటు తియ్యలేదు, ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు" అని రాసి అయిదు స్టార్లు ఇచ్చిన రివ్యూ నాకింతవరకు కనపడలేదు. ఆ కుర్రాడికి "కాదు" అనే స్తోమత రావాలంటే, ముందు అలాంటి రివ్యూలు మనమే రాయాలి.