ఓనమాలు దిద్దించే చేయి

వసంత పంచమినాడు ఆలయంలో పళ్ళెంలో బియ్యం పోసి, పసిబిడ్డ వేలు పట్టించి ఓనమాలు దిద్దిస్తాము. దిద్దించిన చేతికి నమస్కరిస్తాము. ఆ పనినే వృత్తిగా ఎంచుకుంటానని హైస్కూలు చదివే మన అమ్మాయి అన్ననాడు మాత్రం మౌనం వహిస్తాము, లేదా వైద్యవిద్య మాట ఎత్తుతాము.

అమెరికాలో సీడీఏ అనే ధ్రువపత్రానికి 120 గంటల శిక్షణ, పసిపిల్లల మధ్య 480 గంటల అనుభవం కావాలి. హైస్కూలులో ఉండగానే దానికి సిద్ధపడవచ్చు. బిడ్డను ఎత్తుకోవడానికి ఇంత చదువెందుకని నవ్వేవారున్నారు. ఆ ఏడుపు ఆకలిదో, భయానిదో, మాట రాని కోపానిదో తెలుసుకోవడమే ఆ చదువు.

జీతం స్వల్పమన్న మన బెంగ అబద్ధం కాదు. ఆ లెక్క ఆమెకు దాచకుండా చెప్పవలసిందే. అయితే తక్కువ జీతాన్ని తక్కువ పనిగా చూపడం న్యాయమా? ప్రతి ఉదయం మన బిడ్డలను అలాంటి చేతులకే అప్పగించి మనం ఉద్యోగాలకు వెళ్తున్నాము.