పక్కింటి మనిషి పోతే: జటాయువు దగ్గర ఆగిన రాముడు

ఈ వారం వీడియోలో జటాయువు కథ చెప్పుకున్నాం కదా. టైం సరిపోక అందులో చెప్పలేకపోయిన మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

బంధువు కాని మనిషి హఠాత్తుగా పోతే ఆ బాధ ఎవరికి చెప్పుకోవాలో తెలీదు. ఆచారం ప్రకారం మనకి మైల లేదు. ఆఫీసులో సెలవు అడిగితే "మీకేమవుతారు?" అంటారు. ఏమవుతారని చెప్పాలి?

మా ఎదురు ఫ్లాట్ అన్నయ్య పోయిన నెల నిద్రలోనే వెళ్లిపోయారు. నలభై రెండేళ్లు. మా ఇంటి తాళంచెవి ఒకటి ఎప్పుడూ వాళ్లింట్లోనే ఉండేది. నా పార్సిళ్లు ఆయనే తీసుకునేవారు. నైట్ షిఫ్ట్ చేసి తెల్లారి వస్తుంటే మెట్ల దగ్గర ఎదురై "ఏమన్నా తిన్నావా తమ్ముడూ?" అనేవారు. మా అమ్మ ఊరి నుంచి చెప్పకుండా వచ్చిన రోజు, నేను ఇంటికి చేరేసరికి ఆవిడ వాళ్లింట్లో భోంచేసి హాయిగా టీవీ చూస్తోంది. ఆయన పోయిన పొద్దున అపార్ట్‌మెంట్ గ్రూపు నిండా "ఓం శాంతి"లు. సాయంత్రానికి మళ్లీ వాటర్ ట్యాంకర్ మెసేజ్‌లు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, సిటీలో రోజు అలాగే నడుస్తుంది.

ఇప్పుడు అరణ్యకాండ చూద్దాం. పంచవటికి వెళ్లే దారిలో రాముడికి జటాయువు కనిపిస్తాడు. "నేను మీ నాన్నగారి స్నేహితుణ్ణి. మీరిద్దరూ బయటికి వెళ్లినప్పుడు సీతమ్మని నేను చూసుకుంటాను" అంటాడు. అంటే ఏమిటి? మంచి పొరుగువాడు అనే మాట అదే కదా! అడక్కుండానే ఇల్లు చూసుకుంటానన్నవాడు. అన్నమాట కోసం రావణుడితో పోరాడి, రెక్కలు తెగి పడిపోయాడు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. అప్పటికి సీతమ్మ కనిపించడం లేదు. రాముడికి అంతకంటే అర్జెంటు పని ఇంకేముంటుంది? పైగా రావణుడు దక్షిణం వైపు వెళ్లాడని జటాయువు చెప్పేశాడు కూడా. అయినా ఆయన వెంటనే పరుగెత్తలేదు, ఆగాడు. సీతని ఎత్తుకుపోయిన దుఃఖం కంటే నాకోసం ఈ పక్షి ప్రాణం పోవడమే ఎక్కువ బాధగా ఉందని లక్ష్మణుడితో అన్నాడు. దశరథుడు ఎంతో ఈయనా అంతే అన్నాడు. చితి పేర్చి దహనం చేసి, గోదావరికి వెళ్లి జలతర్పణం వదిలాడు. ఆ తర్వాతే వెతకడానికి బయల్దేరాడు.

"ఆత్మకి చావు లేదు కదా, మరి ఏడవడం అజ్ఞానం కాదా?" అని కామెంట్లలో తరచూ అడుగుతుంటారు. రాముడే ఏడ్చాడండీ. ఏడ్చి, చేయాల్సింది చేశాడు. మనం పట్టుకోవాల్సింది ఆ రెండో సగం.

మన పెద్దలు కూడా దీనికి దారి ఉంచారు. భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా మహాలయ పక్షం. అందులో తర్పణం ఇచ్చేటప్పుడు కారుణ్య పితృదేవతల్లో గురువుతో పాటు స్నేహితుడికీ చోటుంది. మీ నాన్నగారు ఉన్నారా? అయితే మామూలుగా మీరు తర్పణాలు వదలరు. ఫర్వాలేదు, వాళ్ల పేరు తలచుకుని ఆకలిగా ఉన్న ఒకరికి అన్నం పెట్టండి. చాలా ఊళ్లలో చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగువాళ్లే వండి తీసుకెళ్తారు. సిటీలోనూ అది చేయొచ్చు. పదిరోజులు అయ్యాక, చుట్టాలంతా వెళ్లిపోయాక, ఆ తలుపు ఒకసారి తట్టండి. పిల్లల ఫీజు, గ్యాస్ బుకింగ్, బ్యాంకు ఫారాలు... ఏదో ఒక పని మీకోసం అక్కడ ఉంటుంది.

మీకూ అలాంటి పొరుగువాళ్లు ఉండే ఉంటారు. ఉన్నవాళ్లని ఈరోజే పలకరించండి. లేనివాళ్లని ఈ రాత్రి దీపం దగ్గర పేరుపెట్టి తలచుకోండి.

జై శ్రీరామ్.