ప్రహ్లాదుడు కొండ మీద నుంచి దూకలేదు



పోయిన వీడియోలో పసుపు గణపతి గురించి చెప్పుకున్నాం కదా. కాస్త పసుపు, రెండు చుక్కల నీళ్లు, ఒక తమలపాకు. తొండం ఉండదు, చెవులుండవు. అయినా ఆవాహన చేశాక అది గణపతే. "ముద్దని చూసి దేవుడనుకోవడం చిన్నపిల్లల ఆట కాదా?" అని మన వయసు వాళ్లు చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నకి జవాబు ఆలోచిస్తుంటే నాకు ముందు గుర్తొచ్చింది శక్తిమాన్. నవ్వకండి, కాస్త ఓపిగ్గా చదవండి.

1997 సెప్టెంబర్ 13న దూరదర్శన్‌లో మొదలై 2005 దాకా నడిచిన సీరియల్ అది. బి.ఆర్. చోప్రా మహాభారతంలో భీష్ముడిగా చేసిన ముకేశ్ ఖన్నానే ఇందులో శక్తిమాన్. దర్శకుడు దినకర్ జానీ. లోకానికి మాత్రం అతను గంగాధర్, ఎత్తుపళ్లు, కళ్లద్దాలు, పత్రికలో ఫోటోగ్రాఫర్ ఉద్యోగం. అమెరికా హీరోలకి సాలీడు కుట్టడం వల్లో, వేరే గ్రహంలో పుట్టడం వల్లో శక్తులొస్తాయి. ఇతనికి యోగసాధన వల్ల, కుండలిని మేల్కొనడం వల్ల, పంచభూతాల అనుగ్రహం వల్ల వచ్చాయి. ఎదురుగా తమ్‌రాజ్ కిల్విష్. లోకమంతా చీకటి ఉండాలన్నదే వాడి కోరిక. చీకటి నుంచి వెలుగులోకి నడిపించమనే మన పాత ప్రార్థనే పిల్లల కథగా మారిందన్నమాట.

ఆదివారం మధ్యాహ్నం 12 అయ్యేసరికి మా పిడుగురాళ్లలో, సున్నపు బట్టీల పొడి పడి తెల్లబడ్డ వీధుల్లో, ఒక్క పిల్లాడు కనిపించేవాడు కాదు. కరెంటు ఉంటే చాలు, టీవీ ఉన్న ఇల్లు నిండిపోయేది. మాలో చాలామందికి హిందీ ముక్క రాదు. అయినా కథ ఎక్కడా ఆగలేదు. గుళ్లో మంత్రం అర్థం కాకపోయినా చేతులు వాటంతటవే జోడించుకుంటాయే, అలాగ.

ఇప్పుడు యూట్యూబ్‌లో అదే సీరియల్ చూస్తే గ్రాఫిక్స్ ఎంత చవకగా ఉన్నాయో తెలుస్తుంది. ఎగిరేటప్పుడు ఆకాశం వేరు, మనిషి వేరు. గుండ్రంగా తిరిగితే సుడిగాలి, వెళ్లిపోతే ఒక మెరుపు. మా అక్క కొడుక్కి ఆరేళ్లు. వాడికి చూపిస్తే, "మామయ్యా, ఇది అతికించినట్టుంది" అన్నాడు. అన్నాడు గానీ ఆపనివ్వలేదు, మూడు ఎపిసోడ్లు చూశాడు. అతికించారని తెలుసు, అయినా చూస్తున్నాడు. వాణ్ని ఎవరూ మోసం చేయలేదు. బొమ్మలో ఉన్న లోటుని వాడే లోపల నుంచి పూరించుకుంటున్నాడు. పసుపు ముద్దకి తొండం పెట్టేది కూడా అదే. దాన్నే మనవాళ్లు భావన అన్నారు. 2023లో వందల కోట్లు పెట్టి తీసిన ఆదిపురుష్‌కి గ్రాఫిక్స్ విషయంలోనే ఎన్ని విమర్శలొచ్చాయో మనం చూశాం. డబ్బు పెట్టినంత మాత్రాన భావన రాదు. చవకగా ఉన్నంత మాత్రాన పోదు.

ఇంతవరకూ హాయిగానే ఉంది. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

శక్తిమాన్ వచ్చి కాపాడతాడని నమ్మి కొందరు పిల్లలు ప్రమాదాలు కొని తెచ్చుకున్నారని అప్పట్లో పేపర్లలో వార్తలొచ్చాయి. పెద్ద గొడవే అయింది. ఆ వార్తల్లో ఏది ఎంత నిజమన్నది పక్కన పెడదాం. అలా దూకే పిల్లాడు ఒక్కడున్నా మన ప్రశ్న మనకి ఉంటుంది. వాడి నమ్మకం తక్కువదా? కాదు. మన అందరి నమ్మకం కంటే గట్టిది. మనం గుడికి వెళ్తూ చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని చూసుకుంటాం. వాడు ప్రాణమే పెట్టేశాడు. మరి గట్టి నమ్మకమే భక్తి అయితే, వాడికి దండం పెట్టాలి కదా? ఎందుకు పెట్టలేం?

దీనికి జవాబు భాగవతంలోనే ఉందనిపిస్తుంది నాకు. ప్రహ్లాదుణ్ని కొండ మీద నుంచి తోశారు. అతను దూకలేదు. విషం వాళ్లు పెట్టారు, అతను అడిగి తాగలేదు. హరి వస్తాడో లేదో చూద్దామని ఒక్కసారి కూడా తనంతట తాను అపాయంలోకి వెళ్లలేదు. గజేంద్రుడూ అంతే. మొసలి పట్టుకోగానే పిలవలేదు, వెయ్యేళ్లు పోరాడాడు. తన బలం పూర్తిగా అయిపోయాక పిలిచాడు. ఇద్దరూ దేవుణ్ని నమ్మారు, దేవుణ్ని పరీక్షించలేదు. నమ్మకం ఎంత గట్టిదన్నదొక్కటే చూస్తే సరిపోదు. అది మన చేత ఏం చేయిస్తోందో చూడాలి.

పిల్లల సంగతి వదిలేయండి, పెద్దవాళ్లం మనమేం చేస్తున్నాం? బండి మీద ఆంజనేయస్వామి స్టిక్కర్ ఉంటుంది, తల మీద హెల్మెట్ ఉండదు. ఆయుధపూజ రోజు ల్యాప్‌టాప్‌కి బొట్టు పెడతాం, మంచిదే. బొట్టు పెట్టాం కదా అని బ్యాకప్ తీయడం మానేస్తే మాత్రం అది భక్తి కాదు. మన పని తీసుకెళ్లి దేవుడి నెత్తిన పెట్టడం. మేడ మీద నుంచి దూకే పిల్లాడికీ మనకీ తేడా ఎత్తులోనే ఉంది.

ఇక రెండో చిక్కు. ఇది మొదటిదానికంటే బరువైనది. దూకని వాళ్ల మాటేమిటి? నిజంగానే ఎవరో తోస్తే పడి, చేతనైనంతా పోరాడి, అప్పుడు పిలిచినవాళ్ల మాటేమిటి? శక్తిమాన్ మొదలైన ఆ 1997-98లోనే పత్తి పంట దెబ్బతిని, అప్పులు తీర్చలేక, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో, ముఖ్యంగా వరంగల్ వైపు, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మాదీ పత్తి, మిర్చి పండే నేలే. ఆ భయం ఎలాంటిదో మా ఊళ్లకి తెలుసు. వాళ్లు దేవుణ్ని పిలవలేదా? పిలిచే ఉంటారు. "వాళ్ల కర్మ" అనేసి లేచిపోవడం నాకు చేతకాదు. ఆ మాట చెప్పినవాడికి మనశ్శాంతి ఇస్తుంది, విన్నవాడి ఇంట్లో పొయ్యి వెలిగించదు.

దేవుడెందుకు రాలేదన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కానీ దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది. వెళ్లాల్సిన మనుషులు ఎందుకు వెళ్లలేదు? అప్పు ఇచ్చినవాడు, నకిలీ మందు అమ్మినవాడు, పక్క చేను వాడు, ఊరి పెద్ద, ఆఫీసులో కూర్చున్నవాడు. వీళ్లలో దేవుణ్ని నమ్మనివాడు ఎవరు? అందరి ఇంట్లోనూ పటం ఉంది. అందరూ ఎవరో వస్తారనే అనుకున్నారు. తామే వెళ్లాలని ఎవరికీ తట్టలేదు.

మా ఊరికి దగ్గర్లోనే కారంపూడి ఉంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు అక్కడ పల్నాటి వీరుల ఉత్సవం. వీరుల ఆయుధాలు మోసుకొచ్చి నాగులేటిలో స్నానం చేయిస్తారు. 12వ శతాబ్దంలో యుద్ధంలో చచ్చిపోయినవాళ్లకి ఆ పూజ. బాలచంద్రుడు ఆకాశం నుంచి దిగి మనల్ని కాపాడతాడని అక్కడ ఎదురుచూడరు. అతని కథ పాడతారు, కత్తి భుజాన పెట్టుకుంటారు, ఆఖరి రోజు కళ్లిపాడున వీరులు పడినట్టే తామూ నేల మీద పడతారు. మధ్యలో ఒకరోజు చాపకూడు. కులం అడగకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు పెట్టించిన భోజనం అది. వీరపూజలో అన్నం వడ్డించడం ఒక భాగం! పూజించేవాడు పూజ అందుకునేవాడిలా కొంచెమైనా మారాలన్నది అందులోని లెక్క.

శక్తిమాన్ సీరియల్లో ఎపిసోడ్ చివర పిల్లలకి ఒక చిన్న పాఠం ఉండేది. ఎవరో పిల్లాడు తప్పు చేస్తాడు, శక్తిమాన్ వచ్చి వివరిస్తాడు, పిల్లాడు "సారీ శక్తిమాన్" అంటాడు. అప్పట్లో అందరం దాన్ని వెక్కిరించినవాళ్లమే. ఇప్పుడు చూస్తే సీరియల్ మొత్తంలో మిగిలింది అదేననిపిస్తుంది. ఎగరడం మనకి రాదు. చెత్త రోడ్డు మీద వేయకపోవడం, పక్కవాణ్ని ఏడిపించకపోవడం వచ్చు. గ్రాఫిక్స్ అక్కర్లేని శక్తి అదొక్కటే.

కాబట్టి మీ ఇంట్లో పిల్లలు "దేవుడు వస్తాడా?" అని అడిగితే, రాడని చెప్పకండి. పసుపు ముద్దలో గణపతిని చూసే ఆ కన్ను చాలా విలువైంది, దాన్ని పొడవకండి. వస్తాడనే చెప్పండి. దానితోపాటు ఇంకో మాట కూడా చెప్పండి. ఎవరైనా పిలిచినప్పుడు దగ్గర్లో మనం ఉంటే, ముందు లేవాల్సింది మనమేనని.

జై శ్రీరామ్.