ఎవరి బిందెలోని నీళ్లు?



పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదైనను చుట్టూ చాలావరకు ఆంధ్ర ఊళ్లే. సర్కారు కాగితము కన్నడము, ఇంటి మాట తెలుగు. మేము బడిలో పాఠములు చెప్పిన కాలములో పిల్లలు నవ్వునప్పుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొనెడివారు. సిగ్గనుకొంటిమి. పండ్లమీది గోధుమరంగు చారలను దాచుకొనుచున్నారని చాలాకాలమునకు గాని మాకు తెలియలేదు.

కారణము ఫ్లోరైడు. మన దేశములో 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించిరి. వానలు తక్కువై బోర్లు లోతుకు పోయినకొలది రాతిలోని ఫ్లోరైడు నీళ్లలోనికి వచ్చును. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కాచినందున అది పోదు, నీరు ఆవిరైనకొలది ఇంకను చిక్కబడును. చిన్నతనములో పడిన చారలు పెద్దయ్యాక మంచినీరు త్రాగినను మానవు. ఏండ్లతరబడి త్రాగినవారికి నడుము, మోకాళ్లు బిగిసిపోవును.

బెంగళూరులో పనిచేయు మీవంటి బిడ్డలు డబ్బు పంపి ఇండ్లలో ఫిల్టరు పెట్టించిరి. మా ఇంటనూ ఉన్నది. అది వదలిన నీటిలో ఫ్లోరైడు మరింత ఎక్కువ. ఆ బకెట్టును అంట్లకని పెరటిలో ఉంచెడివారము. పనిచేయు అమ్మ దాహమై దానిలోనే చెంబు ముంచి త్రాగుట ఒక మధ్యాహ్నము మా కండ్లబడినది. ఎన్నాళ్లనుండి త్రాగుచున్నదో మేము అడుగలేకపోతిమి.

మా డబ్బుతో కొన్న యంత్రము, ఎవరి నీళ్లూ దొంగిలించలేదు గదా అని వాదింపవచ్చును. నిజమే. కాని తెలియక చేయుట వేరు, తెలిసి ఊరకుండుట వేరు. మరియొక సంగతి. క్యాను కొనగలిగిన నాటినుండి మావంటివారు నీళ్లకొరకు పంచాయతీ ఆఫీసు మెట్లు ఎక్కుట మానితిమి. అర్జీ వ్రాయగల చేతులకు దాహము తీరినది. వ్రాయరానివారు మిగిలిరి.

2025లో తుంగభద్ర వెనుకజలాలను పావగడకు తెచ్చు పథకము ప్రారంభమైనది. సంతోషమే. ఆ నీరు చివరి వీధి కొళాయి వరకు పారుచున్నదా అని అడుగుటకైనను ఎవరో ఒకరు పోవలెను గదా.

ఇప్పుడు ఆ అమ్మ పోవునప్పుడు ఒక బిందె మంచినీళ్లు ఇచ్చుచున్నాము. మొన్న, వంటకు ఏ నీళ్లు వాడుదువని అడిగితిమి. “వంటకి బోరు నీళ్లే అయ్యా, ఈ బిందె పిల్లోళ్లు తాగేదానికే సాలదు” అన్నది.