దురద నేర్పే తితిక్ష

వానకాలం నాట్లు మొదలయ్యాయంటే బాన్సువాడ చుట్టుపక్కల పల్లెల్లో జనం పొద్దంతా మడిలోనే ఉంటారు. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయినప్పటి నుంచి ఈ నేలకు కాలువ నీళ్ల అండ ఉంది. నీళ్లున్న చోట దోమలు, పురుగులు తప్పవు. ఏదో కుడుతుంది. మంట సాయంత్రానికి తగ్గినా దురద ఒక్కోసారి వారాల తరబడి వదలదు. జపానికి కూర్చుంటే మనసు నామం మీద నిలవదు, పిక్క మీది దద్దురు చుట్టే తిరుగుతుంది. ఇంత చిన్న బాధ దేవుడికేం చెప్పుకుంటామని కొందరు సిగ్గుపడతారు. సిగ్గెందుకు? మన పెద్దలు దురదను చాలా శ్రద్ధగా పట్టించుకున్నారు.

పురుగు కాటు అనగానే కర్ణుడు గుర్తొస్తాడు. పరశురాముడు అతని ఒడిలో తలపెట్టి నిద్రపోతుండగా అలర్కమనే పురుగు తొడను తొలిచింది. గురువుకు నిద్రాభంగం కాకూడదని కర్ణుడు కదలలేదు. ఆ పురుగు భృగు శాపం తగిలిన దంశుడనే రాక్షసుడనీ, పరశురాముడి చూపుతో దానికి విముక్తి దొరికిందనీ శాంతిపర్వం చెబుతుంది. కర్ణుడి ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి. కానీ అది ఒక్క పూట ఓర్పు. రోజూ వచ్చిపోయే దురదకు కావలసిన ఓర్పు వేరు.

దాని సంగతి ప్రహ్లాదుడు చెప్పాడు. భాగవతం సప్తమ స్కంధంలో నరసింహస్వామిని స్తుతిస్తూ, ఇంద్రియ సుఖాలు దురద గోక్కోవడం లాంటివనీ, చివరికి మిగిలేది దుఃఖమేననీ అంటాడు. నాగార్జునాచార్యుడు రత్నావళిలో గోక్కోవడంలో సుఖం ఉందని ముందు ఒప్పుకుని, అసలు దురదే లేకపోవడం అంతకన్నా సుఖమంటాడు. ఆ ఒప్పుకోలు నాకెంతో ఇష్టం. మనిషి బలహీనతను చిన్నచూపు చూడకుండా చెప్పిన మాట అది.

వైద్యులు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది. దోమ లాలాజలం చర్మంలోకి చేరగానే శరీరం హిస్టమిన్ విడుదల చేస్తుంది, దురద పుడుతుంది. గోకితే కలిగే నొప్పి ఆ దురదను కాసేపు కప్పేస్తుంది. ఈలోగా చర్మం ఇంకా రేగి దురద మళ్లీ వస్తుంది. ఇలా సాగితే చర్మం మందమై నల్లబడుతుంది, గోరు గాటు పడితే పుండు చీము పడుతుంది. మొదట కుట్టింది పురుగే అయినా తర్వాత దాన్ని సాగదీస్తున్నది మన చెయ్యే.

వేలు చర్మాన్ని తాకే ముందు చిన్న వ్యవధి ఉంటుంది. సాధన అక్కడే. గోకాలన్న కోరిక లేచిందని గమనించి, ఒక నామం తలచుకుని, చెయ్యి పక్కన పెట్టాలి. కోరిక పెరుగుతుంది, కాసేపు ఉంటుంది, తగ్గుతుంది. స్పర్శలు వచ్చిపోయేవి, ఓర్చుకోమని గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పింది పిక్క మీద అనుభవానికి వస్తుంది.

ప్రతీకారం చేయకుండా, విలపించకుండా సహించడమే తితిక్ష అని వేదాంతులు నిర్వచించారు. అంటే మందు వద్దనా? నేనలా అనుకోను. ఇక్కడ ప్రతీకారం అంటే గోకడమే. కాటును సబ్బుతో కడిగి, చల్లని తడిగుడ్డ వేసి, కాలమైన్ రాసి, గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవడం దేహధర్మం. పిల్లలకు ఇది తప్పనిసరి, ఓర్చుకోమంటే వాళ్లకేం తెలుస్తుంది? చీము పట్టినా, ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా, వారాలు గడిచినా తగ్గకపోయినా డాక్టరుకు చూపించాలి. ముఖం, పెదవులు వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.