వెంట నడిచేవాళ్ళు

మహాప్రస్థానిక పర్వంలో అందరికంటే ముందు పడిపోయేది ద్రౌపది. ఎందుకు పడిపోయిందని భీముడు అడిగితే, ఆమెకు అర్జునుడి మీద పక్షపాతం ఎక్కువని చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా ముందుకు సాగుతాడు ధర్మరాజు. చివరిదాకా ఆయన వెంట మిగిలింది కుక్క ఒక్కటే. దానికోసం స్వర్గాన్ని కూడా వద్దన్నాడని చిన్నప్పట్నించీ మనకి గొప్పగా చెప్పారు. భార్యనీ తమ్ముళ్ళనీ వదిలేసినవాడివి కుక్కని వదల్లేవా అని ఇంద్రుడే నిలదీస్తాడు. చనిపోయినవాళ్ళని బతికించడం నా చేతిలో లేదు, బతికుండగా వదల్లేదు అంటాడు ధర్మరాజు. జవాబు బాగానే ఉంది. కానీ ఆమె పడినప్పుడు ఆగి, వంగి, ఊపిరుందో లేదో చూశాడా?

ఈ కథ నన్ను మళ్ళీ పట్టుకోవడానికి కారణం మల్లి. విశాఖపట్నంలో ఒక ఆశ్రయం నుంచి తెచ్చుకున్న ఊరకుక్క. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని చెప్పే కత్తిరింపు చెవి మీద ఉంది. వెనక కాలు ఒకటి ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. ఎవరైనా కర్ర ఎత్తితే నేలకి కరుచుకుపోతుంది. నేను గూడెం కొత్తవీధిలో పాఠాలు చెప్పుకుంటూ ఉంటున్నాను. ఈ చలికాలం వలిసె పూలు పోకముందే ఇద్దరం చింతపల్లి మీదుగా లంబసింగి దాకా మూడు రోజుల్లో నడవాలని నా కోరిక. నా కోరిక అనే రాస్తున్నాను, మా కోరిక అని కాదు.

ఆ కోరిక వెనక ఇంకో సంగతుంది. ఒంటరి ఆడది రోడ్డు మీద ఊరికే నడుస్తుంటే ప్రతివాడూ బండి ఆపి ఎక్కడికని అడుగుతాడు. పక్కన మల్లి ఉంటే ఎవరూ అడగరు. అంటే నా స్వేచ్ఛ దాని నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది.

రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి కొంచెం పెంచుతున్నాం. అదీ ఎండెక్కక ముందే. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దానికి చల్లదనం. తారు మీద నా చెయ్యి కాసేపు ఆనించలేకపోతే దాన్ని నడిపించకూడదు. ఇంటికొచ్చాక పాదాల మెత్తలు, వేళ్ళ సందులు, చెవుల వెనక పిడుదులు చూడాలి. అడవి పక్కన తాడు వదలకూడదు. చిరుత భయం ఒకటి, అది తరిమే కుందేలు ప్రాణం ఇంకొకటి. ఇదంతా ఎవరైనా నేర్చుకోగలిగిన పనే.

కష్టమైంది వేరే ఉంది. మల్లి పిలిస్తే వస్తుంది, ఆగమంటే ఆగుతుంది. ప్రతిసారీ ఓ ఉడికిన గుడ్డు ముక్క. అది ఇష్టమా, అలవాటా, ఆకలా? శిక్ష, శిక్షణ ఒక్క ధాతువులోంచే పుట్టాయి. ఎంత చెప్పినమాట వింటుందో అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. కొత్త కోడళ్ళ గురించి ఈ మాట ఎన్నిళ్ళలో వినలేదు! తిండి పెట్టే చేతి వెంట నడవడానికి ప్రేమ అనీ, విశ్వాసం అనీ పేరు పెట్టేది ఎప్పుడూ ఆ చెయ్యే. డోనా హారవే అనే అమెరికన్ స్త్రీవాది 2003లో అచ్చయిన కంపానియన్ స్పీసీస్ మానిఫెస్టోలో శిక్షణ ఇద్దర్నీ మార్చే సంబంధమని వాదించింది. కుక్కని పసిబిడ్డలా చూడడం కుక్కకీ బిడ్డకీ కూడా చిన్నతనమేనంది. రెండో మాట పూర్తిగా ఒప్పుకుంటాను. మొదటిది సగమే. ఇద్దరం మారుతున్నాం, నిజమే, కానీ తాడు నా చేతిలోనే ఉంది.

ఒకరోజు కాఫీ పళ్ళు కోయడానికి వెళ్తున్న పెద్దావిడ ఎదురయింది. "ఏటి టీచరమ్మా, పొద్దున్నే మీరిద్దరూ ఏ పనికి?" "పనేం లేదు పెద్దమ్మా, దీనికి నడక నేర్పుతున్నా." "కుక్కకి నడకా!" అని పడీ పడీ నవ్వింది. తర్వాత అడిగింది: "మరి దానికి జీతమెంతిస్తన్నావు?"

వాళ్ళ కుక్కలు తాడు లేకుండా పోడు దాకా వెంట వెళ్తాయి, పందుల మీద అరుస్తాయి, బుద్ధి పుట్టినప్పుడు ఇంటికొస్తాయి. దాన్నేదో స్వర్గంలా చెప్పను. టీకా ఉండదు, ఏ రాత్రో చిరుత ఎత్తుకుపోతుంది. అయినా ఆవిడ ప్రశ్న నన్ను వదల్లేదు.

జీతం మాట ఈ కొండల్లో తేలిగ్గా వచ్చేది కాదు. మైదానం నుంచి పైకొచ్చే ఘాట్ రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనులకి సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకి ఆ కడుపుమంట ఒక కారణం. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు ఎత్తుకెళ్ళారు. నేను సరదాకి నడవాలనుకుంటున్న దారి అలాంటిది. దానికి దూరంగా ఉన్న కొండ పల్లెల నుంచి గర్భిణుల్ని ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్నారు.

మనుషుల వెట్టినీ కుక్క నడకనీ ఒకే తక్కెడలో పెట్టడం లేదు. వాళ్ళకి కాదనడం తెలుసు, అందరికీ వినపడేలా అన్నారు. మల్లి కాదనడం ఎలా ఉంటుందో నేర్చుకోవలసింది నేను. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది. తల పక్కకి తిప్పుకుంటుంది. వంకర కాలు నేలకి ఆనీ ఆనకుండా వేస్తుంది. ఆఖరికి కూర్చుంటుంది. అది కూర్చుంటే ఆ రోజు నడక అయిపోయినట్టేనని పెట్టుకున్నాను. గుడ్డు చూపించి లేపడం లేదు. చూపిస్తే లేస్తుందని తెలుసు, అందుకే చూపించను. ఇలాగైతే లంబసింగి ఈ ఏడాదికి అందకపోవచ్చు. మొన్న ఆదివారం ఆర్వీ నగర్ వైపు వెళ్తుంటే ఒక కల్వర్టు దగ్గర కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. గంట తర్వాత ఒక సర్వీసు జీపు ఆగింది. డ్రైవరు కుక్కకి కూడా చార్జీ ఇవ్వాలన్నాడు. రెండు సీట్లకీ ఇచ్చి ఎక్కాం.